సిస్టమ్ స్లో అయిందని యాంటీవైరస్ పీకేసే ముందు

సిస్టమ్ స్లో అయిందని ఎవరితోనైనా అని చూడండి. సగంమంది "యాంటీవైరస్ తీసెయ్" అంటారు, మిగతా సగం "ఫార్మాట్ కొట్టించు" అంటారు. రెండూ ఓ వారం బాగానే పనిచేస్తాయి. తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే అసలు కారణం ఏమిటో ఎవరూ చూడలేదు.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు. పనికొచ్చే ప్రతి మనిషీ చేతిలో ఓ పెన్‌డ్రైవ్ పట్టుకొస్తాడు. అది అంతకుముందు ఏ జిరాక్స్ షాపులో, ఏ నెట్ సెంటర్‌లో దూరి వచ్చిందో దేవుడికే తెలియాలి. కాబట్టి యాంటీవైరస్ లేకుండా నాకు గడవదు. పాత సిస్టమ్ కాబట్టి దాని బరువు భరించడమూ కష్టమే. రెండిటికీ సర్దిచెప్పి పని నడిపించడం ఎలాగో నాకు తెలిసినంతలో చెబుతాను. ఇదంతా విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల సంగతి.

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి. సిస్టమ్ మూలుగుతున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న పెట్టెలా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని నిలువు వరసలుంటాయి. చాలామంది సీపీయూ ఒక్కటే చూసి ఊరుకుంటారు. పాత సిస్టమ్‌లో అసలు చూడాల్సింది డిస్క్. అది 100 శాతం దగ్గర నిలబడిపోతే మౌస్ కదులుతుంది గానీ ఏదీ తెరుచుకోదు. 'డిస్క్' అన్న మాట మీద నొక్కితే ఎక్కువ వాడుతున్న ప్రోగ్రాము పైకొస్తుంది. అక్కడ 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అని ఉంటే అది విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్. దాన్ని చూసి వైరస్ అనుకుని భయపడేవాళ్లు చాలామందే ఉన్నారు. బయట కొన్న యాంటీవైరస్ అయితే దాని పేరే ఉంటుంది. రెండూ కాకుండా విండోస్ అప్‌డేటో, ట్యాబ్‌లు బారుగా తెరిచిన క్రోమో పైన కూర్చుని ఉంటే యాంటీవైరస్‌ని వదిలెయ్యండి, పాపం దాని తప్పేం లేదు.

ఒక్కమాట. స్విచ్ వేసిన మొదటి పది నిమిషాల్లో ఈ పరీక్ష పెట్టకండి. అప్పుడు అప్‌డేట్లన్నీ ఒకేసారి మీద పడతాయి, ఎంత కొత్త సిస్టమైనా కాస్త ఆయాసపడుతుంది.

యాంటీవైరసే అని తేలితే, ఒకటుందా రెండున్నాయా చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌తో ఓ ట్రయల్ యాంటీవైరస్ వస్తుంది. షాపువాడు ఇంకోటి వేసిస్తాడు. ట్రయల్ గడువు అయిపోయినా అది ఎక్కడికీ పోదు, లోపలే ఉండి డబ్బు కట్టమని రోజూ గుర్తుచేస్తుంటుంది. ఇలా రెండుంటే మీరు తెరిచిన ప్రతి ఫైలునీ రెండూ తనిఖీ చేస్తాయి, ఒకటి తెరిచిన ఫైలుని ఇంకోటి అనుమానిస్తుంది. ఒక్క పొయ్యి దగ్గర ఇద్దరు వంట మొదలుపెట్టినట్టే. డిఫెండర్‌తో మాత్రం ఈ గొడవ రాదు. బయటి యాంటీవైరస్ ఎక్కితే అది మామూలుగా తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

ఏది కాపలా కాస్తోందో తెలియాలంటే స్టార్ట్‌లో 'విండోస్ సెక్యూరిటీ' అని వెతికి తెరవండి. 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' లోకి వెళ్తే, కిందివైపు 'మేనేజ్ ప్రొవైడర్స్' అని ఉంటుంది. అక్కడ పేర్లన్నీ కనిపిస్తాయి. ఒక్కటి ఉంచుకుని మిగతావి సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గర్నుంచి అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. యాంటీవైరస్‌లు మాత్రం అంత తేలిగ్గా వదలవు, వేళ్లు లోపల మిగిలిపోతాయి. మెకాఫీ, నార్టన్, అవాస్ట్, కాస్పర్‌స్కీ లాంటి కంపెనీలు తమ సరుకుని పూర్తిగా తీసెయ్యడానికి విడిగా ఓ ఉచిత టూల్ ఇస్తాయి. ఆ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకుని నడపండి, తర్వాత రీస్టార్ట్ చెయ్యండి. ఆ వెంటనే మళ్లీ విండోస్ సెక్యూరిటీ తెరిచి పచ్చ టిక్ ఉందో లేదో చూడండి. బయటిది పోయాక డిఫెండర్ మళ్లీ డ్యూటీ ఎక్కిందని అప్పుడే నమ్మకం.

డబ్బు పెట్టి కొనాలా అంటారా? నా మటుకు నాకు ఇంటి కంప్యూటర్‌కి డిఫెండర్ చాలు. కొన్నవాళ్లు కొన్నది వాడుకోండి, కాని దాంతో వచ్చే తోకలు కత్తిరించండి: ట్యూనప్, వీపీఎన్, సొంత బ్రౌజర్, షాపింగ్ సలహాలు. ఫైళ్లకి కాపలా, వెబ్‌సైట్లకి కాపలా, ఈ రెండుంటే చాలు.

ఇక స్కాన్ వేళలు. ఎక్కువమంది ఇళ్లల్లో నాకు కనిపించే జబ్బు ఇదే. చాలా యాంటీవైరస్‌లు ఫుల్ స్కాన్‌ని అర్ధరాత్రో తెల్లవారుజామునో పెట్టుకుంటాయి. అమెరికాలో సిస్టమ్‌లు రాత్రంతా ఆన్‌లో ఉంటాయేమో గానీ, మన ఇళ్లల్లో పడుకునేముందు ప్లగ్ కూడా పీకేస్తాం. తప్పిపోయిన స్కాన్‌ని అది మర్చిపోదు. పొద్దున మీరు స్విచ్ వెయ్యగానే, మీరు పనికి కూర్చునే టైముకే మొదలుపెడుతుంది. మా పక్కింటి పిన్నిగారు "పొద్దున పూట స్లో, సాయంత్రం బాగుంటుంది, కరెంటు ఓల్టేజీ వల్లా అమ్మాయ్?" అని అడిగారు. ఓల్టేజీ కాదు పిన్నీ, ఇదీ సంగతి.

బయటి యాంటీవైరస్ అయితే దాని సెట్టింగ్స్‌లో షెడ్యూల్ దగ్గరికి వెళ్లి, సిస్టమ్ ఆన్‌లో ఉండి మీరు మాత్రం ముందు లేని వేళ పెట్టండి. నాది మధ్యాహ్నం భోజనం వేళ. డిఫెండర్‌కైతే కాస్త తిరగాలి. స్టార్ట్‌లో 'టాస్క్ షెడ్యూలర్' వెతికి తెరిచి, ఎడమవైపు లైబ్రరీలో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్ దాకా దిగండి. 'విండోస్ డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్' అని ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కి, 'ట్రిగ్గర్స్'లో వారం, వేళ పెట్టుకోండి. 'కండిషన్స్'లో సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడే మొదలవ్వాలన్న గడికి టిక్ పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడే అన్నదానికి కూడా.

వేళ మార్చినా తగ్గకపోతే, అది ఏ ఫైలు మీద కూర్చుందో చూడండి. ఈ పని పనిగట్టుకుని చేసేవాళ్లు తక్కువ, ఎక్కువ ఫలితం ఇచ్చేది మాత్రం ఇదే. స్టార్ట్‌లో 'రిసోర్స్ మానిటర్' అని వెతకండి. డిస్క్ ట్యాబ్‌లో 'డిస్క్ యాక్టివిటీ' అని ఉంటుంది. ఏ ప్రోగ్రాము ఏ ఫైలుని చదువుతోందో ఫోల్డర్ దారితో సహా అక్కడ పరుగులు పెడుతూ కనిపిస్తుంది. పైన ఉన్న ప్రోగ్రాముల జాబితాలో మీ యాంటీవైరస్‌కి టిక్ పెడితే దాని ఫైళ్లు మాత్రమే మిగులుతాయి.

మాఘమాసం ముహూర్తాలప్పుడు, అంటే ఊపిరి ఆడనంత పని ఉన్నప్పుడు, నా సిస్టమ్ గంటకోసారి బిగుసుకుపోయేది. రిసోర్స్ మానిటర్ పెట్టి చూస్తే, యాంటీవైరస్ ఒకే ఒక్క జిప్ ఫైలుని పట్టుకుని కూర్చుంది. పాత శుభలేఖల డిజైన్లన్నీ కుక్కిన బ్యాకప్ అది. బ్యాకప్ ప్రోగ్రాము గంటకోసారి ఆ జిప్‌ని కొత్తగా రాస్తోంది. ఫైలు మారింది కదా అని యాంటీవైరస్ దాన్ని ప్రతిసారీ విప్పి, లోపలివన్నీ మొదట్నుంచీ చూస్తోంది. బ్యాకప్‌ని రాత్రి పని ముగించే వేళకి మార్చాను, పాత సంవత్సరాల డిజైన్లు బయటి హార్డ్ డిస్క్‌కి పంపేశాను. యాంటీవైరస్‌లో ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోలేదు, బిగుసుకుపోవడం మాత్రం ఆగింది.

మీకు కనిపించేది జిప్ కాకపోవచ్చు. ట్యాలీ డేటా ఫోల్డరో, వీడియో ఎడిటింగ్ ఫైళ్లో, పిల్లాడి గేమ్ ఫోల్డరో కావచ్చు. అప్పుడు ఆ ఒక్క ఫోల్డర్‌ని యాంటీవైరస్ చూడకుండా మినహాయించొచ్చు. డిఫెండర్‌లో అయితే 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లో 'మేనేజ్ సెట్టింగ్స్' నొక్కి, కిందికి వెళ్తే 'ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది. కాని జాగ్రత్త. మినహాయించిన ఫోల్డర్‌ని అది తెరిచేటప్పుడూ చూడదు, తర్వాత షెడ్యూల్ స్కాన్‌లోనూ చూడదు. అందుకే డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్, మొత్తం సీ డ్రైవ్, వీటిని ఎప్పుడూ అందులో పెట్టకండి. నా దగ్గర రెండు ఫోల్డర్లుంటాయి. 'వచ్చినవి' అన్నదాంట్లో బయటివాళ్ల ఫైళ్లు పడతాయి, అక్కడ యాంటీవైరస్ ఎంతసేపు చూసుకున్నా అడ్డం చెప్పను. దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేశాకే ఫైలు 'పని' అన్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మినహాయింపు ఈ రెండోదానికే.

క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసేవాడు "ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి మేడమ్, లేకపోతే ఎక్కదు" అంటాడు. అలా అన్నవాడికి టీ ఇచ్చి పంపెయ్యండి. తెలుగు టైపింగ్ కీబోర్డ్ ప్రోగ్రాముల సంగతి వేరు. అవి మీరు నొక్కే కీలను గమనిస్తుంటాయి కాబట్టి కొన్నిసార్లు యాంటీవైరస్ వాటినీ అనుమానిస్తుంది. అసలు సీడీ నుంచో, కంపెనీ సైట్ నుంచో ఎక్కించినదైతే మినహాయించుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కాపీ అయితే యాంటీవైరస్ మాటే వినండి.

"మీ యాంటీవైరస్ గడువు అయిపోయింది, 5 వైరస్‌లు దొరికాయి" అంటూ స్క్రీన్ మూలన వచ్చేవి చాలావరకు యాంటీవైరస్ పంపేవే కావు. ఏదో సైట్‌లో మీరు 'అలౌ' నొక్కితే బ్రౌజర్ చూపించే నోటిఫికేషన్లు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లి, అక్కడున్న తెలియని పేర్లన్నీ తీసెయ్యండి. వాటిలో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యకండి. చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఇవన్నీ చేసినా డిస్క్ 100 దగ్గరే ఉంటే తప్పు హార్డ్ డిస్క్‌దే అయి ఉండొచ్చు. పాత డెస్క్‌టాప్ డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120. చాలా ల్యాప్‌టాప్ డిస్కులు 5400 మాత్రమే. వేలకొద్దీ చిన్న ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి చదవాలంటే దాని ముల్లు అటూ ఇటూ పరుగెత్తడానికే టైమంతా పోతుంది. యాంటీవైరస్ పని అంతా అలాంటి చదువే. హార్డ్ డిస్క్ బదులు వేయించుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు కాబట్టి ఈ బాధ లేదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఎనిమిది చేయించుకోవడం కూడా మంచిదే, కాని డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ.

విండోస్ 10 వాళ్లకి ఇంకో సంగతి. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. డిఫెండర్ అప్‌డేట్ అవుతోంది కదా అని విండోస్‌లో పడ్డ చిల్లులు పూడవు, కాబట్టి సిస్టమ్ మార్చే ఆలోచన మాత్రం మానకండి.

అన్నీ సర్దాక కాపలా నిజంగా పనిచేస్తోందో లేదో పరీక్షించి చూసుకోండి. ఐకార్ అనే సంస్థ ఇందుకోసమే ఓ ఉత్తుత్తి ఫైలు తయారుచేసి పెట్టింది. 68 అక్షరాల టెక్స్ట్, ఏ హానీ చెయ్యదు, యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ఒప్పందం. సంస్థ సైట్ నుంచి దాన్ని డౌన్‌లోడ్ చెయ్యబోతే వెంటనే అడ్డుపడాలి, డిఫెండర్ అయితే విండోస్ సెక్యూరిటీలో 'ప్రొటెక్షన్ హిస్టరీ' తెరిస్తే దాని పేరు కనిపించాలి. ఏ అడ్డూ లేకుండా డౌన్‌లోడ్స్‌లోకి దిగిపోయిందంటే, మీ ఎక్స్‌క్లూజన్స్ జాబితాలో ఉండకూడని ఫోల్డర్ ఏదో ఉందన్నమాట, లేదా ఫైలు తెరిచినప్పుడల్లా చూసే కాపలా, అంటే రియల్ టైమ్ ప్రొటెక్షన్, ఆఫ్‌లో ఉందన్నమాట. మొదట ఆ రెండూ చూడండి.