లైట్ బార్ టాప్ మీద కంటే బంపర్ మీదే నయం
ఫోర్ వీల్ డ్రైవ్‌కి ఎల్ఈడీ లైట్ బార్ కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోకండి. వెలుగు ఎలా పడుతుందో చూడండి. మధ్యలో దూరం కొట్టే స్పాట్, చివర్లలో పక్కలకు పరుచుకునే ఫ్లడ్ కలిసిన కాంబో అయితే మట్టి దారులకు బాగుంటుంది.

టాప్ మీద బిగిస్తే చూడ్డానికి దర్జాగానే ఉంటుంది కానీ, వెలుగు బానెట్ మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. దుమ్ము లేచిందంటే ఎదురుగా తెల్లటి గోడే! పైగా వేగంలో గాలికి ఈల వేస్తుంది. బంపర్ మీదైతే ఈ బాధ తక్కువ, రేడియేటర్‌కి వెళ్లే గాలికి అడ్డు రాకుండా చూసుకుంటే చాలు.

హెడ్‌లైట్ వైరుకి మాత్రం కలపకండి. 12 వోల్టుల దగ్గర 120 వాట్ల బార్ 10 ఆంపియర్లు లాగుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టించి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. బార్ బిగించడానికి నైలాన్ లాక్ నట్లు వాడితే గతుకులకు త్వరగా వదులు కావు.