పేగుల క్యాన్సర్ రిస్క్ మనకెంతుందో ఇంట్లోనే లెక్కేసుకుని టైముకి టెస్టుకెళ్ళడం ఎలా

క్యాన్సర్ వస్తుందా రాదా అని ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ ఎవరు ముందు వెళ్ళాలి, ఏ టెస్టుకి వెళ్ళాలి అన్నది మాత్రం ఒక కాగితం మీద చాలావరకు తేల్చుకోవచ్చు. పెద్దపేగు విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ క్యాన్సర్ ఎక్కువగా పాలిప్ అనే చిన్న బుడిపెతో మొదలై ముదరడానికి దాదాపు 10 ఏళ్ళు తీసుకుంటుంది, ఆలోపు కొలొనోస్కోపీలో (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కనబడితే అక్కడికక్కడే తీసేస్తారు, ఇక అది క్యాన్సర్ అయ్యే మాటే ఉండదు.

ఈ లెక్కలన్నీ ఏ ఇబ్బందీ లేనివాళ్ళకే. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం లాంటివి ఉంటే స్కోర్లు వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మొలలేలే అనుకుని నెలలు గడిపేసేవాళ్ళు చాలామంది ఉంటారు, దయచేసి అలా చెయ్యొద్దు.

ముందు ఇంట్లోవాళ్ళని అడగండి. ఎవరికొచ్చింది, ఏ అవయవానికి, ఏ వయసులో, ఈ మూడూ కావాలి. నేను మా ఇంట్లో అడిగితే మొదట వచ్చిన జవాబు "కడుపులో గడ్డ వచ్చి పోయారు" అని, అంతే! అది పొట్టా, పేగా, లివరా ఎవరికీ గుర్తులేదు, పాత కాగితాలు వెతికితే గానీ తెలీలేదు. వయసు ఎందుకంటే, అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో పిల్లల్లోనో ఒకరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చుంటే, మీరు 40 ఏళ్ళకి గానీ, వాళ్ళకి బయటపడిన వయసుకి 10 ఏళ్ళు ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు మొదలుపెట్టాలి. నాన్నకి 46లో బయటపడిందనుకోండి, మీకు 36కే టెస్టు. ముగ్గురు దగ్గరి బంధువులకి పేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చి, అది రెండు తరాల్లో ఉండి, ఒకరికైనా 50 లోపే వచ్చుంటే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి, జీన్ టెస్ట్ గురించి డాక్టర్ని అడగండి.

తర్వాత స్కోరు. ఆసియా పసిఫిక్ కొలోరెక్టల్ స్క్రీనింగ్ స్కోరని ఒకటుంది, చేతివేళ్ళ మీద లెక్కేసేంత సులువు. వయసు 50 లోపైతే 0, 50 నుంచి 69 అయితే 2, 70 దాటితే 3. మగవాళ్ళకి 1, దగ్గరి రక్తసంబంధీకులకి వచ్చుంటే 2, సిగరెట్ ఇప్పుడు తాగినా ఇదివరకు తాగినా 1. మొత్తం 0-1 సాధారణం, 2-3 మధ్యస్థం, 4 నుంచి 7 ఎక్కువ రిస్క్. 52 ఏళ్ళ మగమనిషి, సిగరెట్ అలవాటుంది, ఇంట్లో ఎవరికీ లేదు అనుకుంటే 2+1+1, అంటే 4, ఎక్కువ రిస్క్ కిందే లెక్క. 0 వచ్చిందని ధీమా పడకండి, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న సంగతి ఈ స్కోరుకి తెలీదు, అది 8 ఏళ్ళ నుంచి ఉంటే మాత్రం ఎలాగూ కొలొనోస్కోపీ ఫాలోఅప్ కావాలి.

చాలామంది పట్టించుకోనిది పాత రక్తపరీక్ష రిపోర్టులు. అన్నీ తీసి తేదీల వరసలో పేర్చి హిమోగ్లోబిన్ ఒక్కటే చూడండి. ఒక మగమనిషికి 15.1, తర్వాత 14.2, తర్వాత 13.3 ఉందంటే విడివిడిగా అన్నీ నార్మలే, కానీ దిగుతూ వస్తోంది కదా, కంటికి కనబడకుండా పేగులో రక్తం పోతుంటే ఇలాగే ఉంటుంది. రిస్క్ అంచనా వేసే కంప్యూటర్ మోడల్స్ కూడా కొన్ని వయసుతో పాటు ఇలాంటి మార్పునే పట్టుకుంటాయి. మగవాళ్ళలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఐరన్ లోపం కనబడితే మాత్రలు వేసుకుని ఊరుకోకూడదు, కారణం వెతకాల్సిందే.

మిగతా అవయవాలకి ఇలాంటి సులువైన లెక్క లేదు గానీ గుర్తులున్నాయి. పొట్టకైతే హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా, ఉందని తేలితే మందులతో పోగొట్టుకోవచ్చు. హెపటైటిస్ బి, సి వల్ల లివర్ గట్టిపడి సిరోసిస్ అయినవాళ్ళు ప్రతి 6 నెలలకి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చి దాంతోపాటు బరువు కూడా తగ్గిపోతుంటే పాంక్రియాస్ (క్లోమం) గురించి డాక్టర్ని అడగడం మంచిది.

ఇక టెస్టు. రిస్క్ ఎక్కువైతే సరాసరి కొలొనోస్కోపీ, మామూలుగా ఉంటే 45 నుంచి ఏటా మలంలో కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ టెస్ట్ చాలు (అమెరికా నిపుణుల బృందం 2021లో ఈ వయసుని 50 నుంచి 45కి దించింది). ఫిట్ పాజిటివ్ వస్తే ఇంకోసారి ఫిట్ చేయించి నెగెటివ్ వచ్చిందని సంతోషపడొద్దు, కొలొనోస్కోపీకే వెళ్ళాలి, ఎందుకంటే పాలిప్ రోజూ రక్తం కార్చదు. కొలొనోస్కోపీలో ఏమీ లేకపోతే, రిస్క్ కూడా మామూలే అయితే, మళ్ళీ 10 ఏళ్ళ దాకా అక్కర్లేదు. పాలిప్ దొరికితే రిపోర్టు ఫోటో తీసి ఆరోజే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పంపండి, వాళ్ళ కాగితంలో కూడా అది రాసుకోవాలి.