నోటి మూలలు పగిలితే ఏం చేయాలి

పోయిన చలికాలం మా అమ్మకు నోటి మూలలు రెండూ పగిలాయి. జొన్నరొట్టె ముక్క పెట్టుకుందామని నోరు తెరిస్తే రక్తం. వేడి చేసిందనుకొని సున్నం రాసుకుంది, ఇంకా మండింది. దయచేసి సున్నం పెట్టకండి.

దేవరకొండ దిక్కు ఏఎన్ఎంగా తిరుగుతూ నేను ఎక్కువగా చూసే కారణం ఉమ్మి. అది మూలల్లో నిలిచి తోలు నానుతుంది, పగులుతుంది, అందులో ఫంగస్ గానీ బ్యాక్టీరియా గానీ చేరుతుంది. నాలుకతో తడిపే కొద్దీ పెరుగుతుంది. అమ్మ కట్టుడు పళ్ళు తీయకుండానే పడుకునేది. ఇప్పుడు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేస్తున్నాం.

మూలలు మెత్తగా తుడిచి, ఆరాక పలుచగా వాజిలిన్ రాయండి. ఫంగస్ అయితే డాక్టర్ క్లోట్రిమజోల్ లాంటి క్రీమ్ రాస్తారు. పసుపు పొక్కు కడితే మందు వేరు, అందుకే చూపించుకోవాలి.

పిల్లల్లో, కైకిలి పోయే ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉండటం, బి2 విటమిన్ లోపం కూడా కారణాలే. పాలు, గుడ్డు, తోటకూర, పెసర్లు పెట్టండి. రెండు వారాలకూ మానకపోయినా, మళ్ళీ మళ్ళీ వచ్చినా హిమోగ్లోబిన్, షుగర్ పరీక్ష చేయించండి. అమ్మకు షుగర్ అలాగే బయటపడింది.