డేటాబేస్ వీఎం పెట్టే ముందు సర్వర్, స్టోరేజ్ పాత్‌లు ఇలా సెట్ చేస్కోండి

ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) ఈఎస్‌ఎక్స్‌ఐ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) మీద నడపాలంటే చాలామంది నేరుగా వీఎం, అంటే వర్చువల్ మెషీన్, క్రియేట్ చేసేస్తారు, తర్వాత స్లో అయిందని క్వెరీల మీద పడతారు, కానీ అసలు లోపం చాలాసార్లు కింద సర్వర్‌లోనో కేబుల్ దగ్గరో ఉంటది.

ముందు బయోస్. పవర్ ప్రొఫైల్ మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి, ఈఎస్‌ఎక్స్‌ఐలో కూడా బ్యాలెన్స్‌డ్ తీసేసి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. తర్వాత న్యూమా (ఒక్కో సాకెట్, దాని దగ్గరున్న ర్యామ్ కలిపి ఒక నోడ్) చూస్కోండి: రెండు సాకెట్లు, ఒక్కోదానికి 16 కోర్లు, మొత్తం ర్యామ్ 512 జీబీ ఉంటే నోడ్‌కి 16 కోర్లు, 256 జీబీ వస్తాయి. అలాంటప్పుడు వీఎంకి 12 వీసీపీయూ (వర్చువల్ కోర్లు), 192 జీబీ ఇస్తే ఒకే నోడ్‌లో పడుతుంది, ఎక్కువ ఇస్తే మంచిదని 20 ఇచ్చారనుకోండి, రెండు నోడ్లకి చీలిపోయి మెమరీ కోసం పక్క సాకెట్‌కి తిరగాల్సొస్తది. ర్యామ్ మొత్తం రిజర్వ్ చేసేయండి, లేకపోతే హోస్ట్‌లో (ఈఎస్‌ఎక్స్‌ఐ నడిచే సర్వర్) మెమరీ టైట్ అయిన రోజు బెలూనింగ్ (వీఎం ర్యామ్‌ని హోస్ట్ వెనక్కి తీస్కోవడం) వచ్చి డేటాబేస్ క్యాష్‌నే లాగేస్తది.

ఇక ఐస్కజీ పాత్‌లు (నెట్‌వర్క్ మీదుగా సర్వర్ నుంచి స్టోరేజ్‌కి వెళ్లే దారులు), ఇక్కడ మాత్రం తొందర పడొద్దు. ఒకే నెట్‌వర్క్ కార్డ్‌లోని రెండు పోర్టులు వాడి రెండు పాత్‌లున్నాయి అనుకోకండి, కార్డ్ పోతే రెండూ పోతాయి. రెండు వేరే కార్డుల నుంచి ఒక్కో పోర్టు, రెండు వేరే స్విచ్‌లు, అవతల స్టోరేజ్‌లో రెండు కంట్రోలర్లు, మొదటి నుంచి చివరిదాకా రెండు దారులూ వేరుగా ఉండాలి. జంబో ఫ్రేమ్స్ (పెద్ద నెట్‌వర్క్ ప్యాకెట్లు) వాడితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజ్) 9000 హోస్ట్‌లో పెడితే సరిపోదు, స్విచ్‌లోనూ స్టోరేజ్‌లోనూ పెట్టాలి, మామూలు పింగ్ వెళ్తుంది కదా అని వదిలేయకుండా ఫ్రాగ్మెంట్ చేయొద్దు అనే ఆప్షన్‌తో 8972 సైజ్ పింగ్ కొట్టండి (హెడర్లకి 28 బైట్లు పోతాయి). అది వెళ్లలేదంటే మధ్యలో ఏదో ఒక పోర్ట్ ఇంకా 1500 మీదే ఉందన్నమాట. పాత్ పాలసీ రౌండ్ రాబిన్ (పాత్‌లని వంతులవారీగా వాడటం) చేయండి, డిఫాల్ట్‌గా 1000 ఐఓలకోసారి (రీడ్, రైట్ రిక్వెస్ట్‌లు) పాత్ మారుస్తది, మీ స్టోరేజ్ గైడ్‌లో 1 పెట్టమని ఉంటే 1 పెట్టండి.

వీఎంలో డిస్కులన్నీ ఒకే కంట్రోలర్‌కి తగిలించకండి. నాలుగు స్కజీ (డిస్కులు తగిలించే) కంట్రోలర్లు ఇస్తారు కదా, ఓఎస్, డేటా, లాగ్, టెంప్‌డీబీ (ఎస్‌క్యూఎల్ తాత్కాలిక డేటాబేస్) తలా ఒకదానికి, అప్పుడు ఎవరి క్యూ వాళ్లది. ఈ డేటాబేస్ కంట్రోలర్లు పారావర్చువల్ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన) టైప్‌వి తీస్కోండి, డేటాబేస్ డిస్కులు ఫార్మాట్ చేసేప్పుడు అలొకేషన్ యూనిట్ సైజ్ 64 కేబీ పెట్టండి.

చివరిగా కేబుల్ పీకి చూడాలి, ఇది స్కిప్ చేయొద్దు ప్లీజ్. వీఎంలో డిస్క్‌స్పీడ్‌తో (డిస్క్ మీద లోడ్ పెట్టే మైక్రోసాఫ్ట్ టూల్) లోడ్ నడుస్తుండగా ఒక కేబుల్ తీయండి, కాసేపు ఆగినట్టుండి మళ్లీ అందుకోవాలి, వీస్ఫియర్‌లో (ఈఎస్‌ఎక్స్‌ఐని మేనేజ్ చేసే స్క్రీన్) ఆ పాత్ డెడ్ అని చూపించాలి. తిరిగి పెట్టి యాక్టివ్ అయ్యాక రెండోది తీయండి, దాన్నీ తిరిగి పెట్టి యాక్టివ్ అయ్యాక ఒక స్విచ్ మొత్తం ఆఫ్ చేయండి. ఇవన్నీ లోడ్ ఆగకుండా దాటాకే ప్రొడక్షన్ బ్యాకప్ రీస్టోర్ మొదలెట్టండి.