తక్కువ ధర వైర్‌లెస్ ట్రిగ్గర్లతో ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా వాడే విధానం

కెమెరా మీద బిగించిన ఫ్లాష్ వెలుగు ముఖం మీద ఎదురుగా పడడం వల్ల చెంపల వంపు, కనుబొమల కింది లోతు, బట్టల మీది మడతలు అన్నీ చదునైపోతాయి. అదే ఫ్లాష్‌ను ఒక స్టాండు మీద పక్కగా, ముఖానికి కాస్త ఎత్తులో నిలిపితే వెలుగుతోపాటు నీడ కూడా ఫొటోలోకి వస్తుంది. అలా దూరంగా నిలబెట్టిన ఫ్లాష్‌కు షట్టర్ తెరుచుకున్న సంగతిని అందించేదే వైర్‌లెస్ ట్రిగ్గర్. చవక రకం ట్రిగ్గర్లలో చాలావరకు చేరవేసేది ‘వెలుగు’ అన్న ఒక్క కబురే. ఎంత వెలగాలో అవి చెప్పవు. ఆ లెక్క మనమే చేసుకోవాలి. వెలుతురును నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదని నా నమ్మకం.

ట్రిగ్గర్‌లో కబురు పంపే భాగమైన ట్రాన్స్‌మిటర్ కెమెరా హాట్ షూలోకి (పైన ఫ్లాష్ బిగించే గాడిలోకి), దాన్ని అందుకునే రిసీవర్ ఫ్లాష్ అడుగుకు వెళ్తాయి. వీటిలో ఎక్కువ భాగం 433 మెగాహెర్ట్జ్ లేదా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తాయి కాబట్టి ఫ్లాష్ ఎదురుగా కనబడాలన్న నియమం లేదు. అన్నిటినీ ఆఫ్ చేసి అమర్చి, రెండింటికీ ఒకే ఛానల్ పెట్టి, ఆ తరువాతే ఆన్ చేయాలి. ఛానల్ కోసం నాలుగు చిన్న మీటలున్న రకమైతే ట్రాన్స్‌మిటర్ మీద మీటలు పైకీ కిందికీ ఏ వరుసలో ఉన్నాయో రిసీవర్ మీదా సరిగ్గా అదే వరుసలో ఉండాలి.

కొనేముందు కెమెరా హాట్ షూను ఒకసారి పరిశీలించడం తప్పనిసరి, ఎందుకంటే ఈ సాధారణ ట్రిగ్గర్లు దాని మధ్యలోని గుండ్రటి లోహపు చుక్క (కాంటాక్ట్) మీదే ఆధారపడతాయి. 2019లో వచ్చిన కెనన్ 250డి వంటి కొన్ని కెమెరాల్లో అది అసలు లేదు. పాతకాలపు ఫ్లాష్ వాడదలిస్తే మరో జాగ్రత్త కావాలి. కొన్నిటి కాంటాక్ట్ వద్ద 200 వోల్టులకు పైగా ఉంటుంది, అది రిసీవర్‌ను కాల్చేయగలదు. ఫ్లాష్ పూర్తిగా ఛార్జ్ అయ్యాక మల్టీమీటర్ ఒక కొనను మధ్య పిన్నుకు, రెండో కొనను పక్కనున్న లోహపు అంచుకు తాకించి, వచ్చిన అంకెను రిసీవర్ భరించే హద్దుతో పోల్చి చూడాలి.

ఇక వెలుతురు లెక్క. ఫ్లాష్‌ను, కెమెరాను రెండింటినీ మాన్యువల్‌లో, అంటే అంకెలన్నీ మనమే పెట్టే పద్ధతిలో పెట్టండి. గదిలో అయితే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/125 సెకను, అపెర్చర్ (లెన్సు ద్వారం) ఎఫ్/5.6 వద్ద ముందు ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీస్తే అది దాదాపు నల్లగా రావాలి. అలా వస్తే గది దీపాల ప్రభావం పోయినట్టే, ఇకమీదట కనిపించే వెలుగంతా మీ ఫ్లాష్‌దే. ఇప్పుడు ఫ్లాష్‌ను మనిషికి ఒకటిన్నర మీటర్ల దూరంలో 1/8 పవర్‌తో వెలిగించి చూసి, తక్కువైతే 1/4కు పెంచండి, ఎక్కువైతే 1/16కు తగ్గించండి. ఒక్కో మెట్టుకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది. ఫ్లాష్ వెలుగు కన్ను మూసి తెరిచేలోగా ముగిసిపోతుంది గనుక షట్టర్ స్పీడ్ దాన్ని మార్చదు, చుట్టూ ఉన్న వెలుతురును మాత్రమే మారుస్తుంది. వెనుక గోడ మీది దీపం కాంతి కూడా కావాలనుకుంటే, ముఖం మీది వెలుగు చెదరకుండా షట్టర్‌ను 1/30కి తగ్గిస్తే చాలు, కాకపోతే చెయ్యి కదలకూడదు. దూరం విషయం మరీ గట్టిది: ఒక మీటరు నుంచి రెండు మీటర్లకు జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది.

షట్టర్ వేగానికి ఒక హద్దు ఉంది. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే ఫొటోను పట్టే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండదు, పైగా చవక ట్రిగ్గర్లు కబురందించడంలో రవ్వంత ఆలస్యం చేస్తాయి. తెల్ల గోడకు ఎదురుగా 1/125, 1/160, 1/200, 1/250 వద్ద వరుసగా ఫొటోలు తీసి, పెద్దది చేసి చూడండి. ఫొటో అడుగు అంచున నల్లటి పట్టీ మొదలైన చోటికి ఒక మెట్టు కింద ఉన్న వేగమే మీ కెమెరా, ట్రిగ్గర్ల జతకు సరైన హద్దు. తయారీదారు రాసిన అంకె కంటే మీ గోడ మీద కనిపించినదే నమ్మదగినది.

ఫ్లాష్ అప్పుడప్పుడు వెలగకపోతే ముందు బ్యాటరీలు మార్చండి, కాంటాక్టులను పొడి గుడ్డతో తుడవండి, ఫ్లాష్ దానంతటదే నిద్రలోకి జారుకునే సెట్టింగును తీసేయండి. చాలా రిసీవర్లు దాన్ని మళ్లీ మేల్కొల్పలేవు. ఒక్కసారీ వెలగకపోతే కెమెరాలో సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా ఫొటో తీసే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలో ఫ్రేము చీకటిగా కనబడి ఫోకస్ చేయలేకపోతే తెర మీద ఎక్స్‌పోజర్‌ను ముందే చూపించే సెట్టింగును ఆపేయండి. రిసీవర్ ఫ్లాష్‌ను అంటిపెట్టుకుని ఉన్నప్పుడు మాత్రమే తడబడుతుంటే, ఒక చిన్న సింక్ కేబుల్‌తో (ఫ్లాష్‌కు కబురు చేర్చే తీగతో) కలిపి దాన్ని స్టాండు కాడకు కాస్త కిందుగా వేలాడదీయండి. ఫ్లాష్ లోపలి విద్యుత్ అలజడికి దూరం జరిగిన రిసీవర్ చాలాసార్లు కుదుటపడుతుంది.