రెవిట్‌లో కిచెన్ ఎలివేషన్లు, క్యాబినెట్ డ్రాయింగ్‌లు: సమస్య, కారణం, పరిష్కారం

ప్లాన్ గీసినంతసేపు రెవిట్ (భవనాల డ్రాయింగ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చెప్పిన మాట వింటుంది. ఇంటీరియర్ ఎలివేషన్లకు, అంటే గదిలో ఒక్కో గోడను ఎదురుగా చూసినట్టు గీసే డ్రాయింగ్‌లకు వచ్చేసరికి తిప్పలు మొదలవుతాయి. పెట్టిన క్యాబినెట్ కనిపించదు, షెడ్యూల్ (వస్తువుల పట్టిక) లెక్క కలవదు, ప్రాజెక్ట్ బ్రౌజర్‌లో (వ్యూల జాబితాలో) ఏ గోడ ఎక్కడుందో తెలియదు. కింద చెప్పినవన్నీ కిచెన్‌కు సంబంధించినవే అయినా వార్డ్‌రోబ్‌కీ, పూజగదికీ ఇవే వర్తిస్తాయి.

సమస్య: గోడ క్యాబినెట్లకు బదులు ఐలాండ్ (కిచెన్ మధ్యలో విడిగా ఉండే కౌంటర్) వెనక భాగం కనిపిస్తోంది

ప్లాన్‌లో ఎలివేషన్ గుర్తుకు (మార్కర్‌కు) రెండు భాగాలుంటాయి: గుండ్రటి బాడీ, దాని పక్కన బాణం. బాణం నొక్కితే నీలం గీత ఒకటి వస్తుంది. చూపు మొదలయ్యేది ఆ గీత దగ్గర్నుంచే. గీతకూ గోడకూ మధ్య ఏముంటే అది ఎలివేషన్‌లో పడుతుంది, గీతకు ఇవతల ఉన్నది పడదు. మార్కర్‌ను గది మధ్యలో పెట్టి వదిలేస్తే ఐలాండ్ అడ్డొస్తుంది, అంతే.

మార్కర్‌ను కదపక్కర్లేదు. బాణం నొక్కి గీతను మాత్రం లాగి, ఐలాండ్‌కూ కౌంటర్‌కూ మధ్య నడిచే దారిలో పెట్టండి. కౌంటర్ లోతు 600 మి.మీ. అయితే, గోడ నుంచి 750 దగ్గర గీత ఉంటే అంచు, హ్యాండిల్ అన్నీ వస్తాయి. మరీ దగ్గరికి జరిపితే గీత బేస్ యూనిట్ (కౌంటర్ కింది క్యాబినెట్) మధ్యలోంచి పోయి షటర్లు మాయమై లోపలి అరలు బయటపడతాయి.

సమస్య: ఎల్ ఆకారపు కిచెన్‌లో పక్క కౌంటర్ సెక్షన్‌లా కోసినట్టు రావాల్సింది, మొత్తంగా వచ్చి వెనకున్నదాన్ని కప్పేస్తోంది

ఇది గీత తప్పు కాదు, ఫ్యామిలీ (రెవిట్‌లో తెచ్చి పెట్టే వస్తువు మోడల్) కేటగిరీ తప్పు. రెవిట్ కేస్‌వర్క్ (క్యాబినెట్ల) కేటగిరీని కోస్తుంది. ఫర్నిచర్, స్పెషాల్టీ ఎక్విప్‌మెంట్ కేటగిరీలను కోయదు, గీత తగిలినా పూర్తిగా గీస్తుంది. ఇంటర్నెట్ నుంచి దించుకున్న మాడ్యులర్ ఫ్యామిలీల్లో చాలావాటిని ఫర్నిచర్‌గా చేసి పెడతారు. కేస్‌వర్క్ షెడ్యూల్‌లో యూనిట్లు తక్కువ రావడానికీ తరచూ ఇదే కారణం.

ఎడిట్ ఫ్యామిలీలోకి వెళ్లి, ఫ్యామిలీ కేటగిరీ అండ్ పారామీటర్స్‌లో కేస్‌వర్క్ ఎంచుకుని, తిరిగి ప్రాజెక్ట్‌లోకి లోడ్ చేయండి. పాత ఫర్నిచర్ ట్యాగులు (వస్తువు పక్కన పేరు, నంబర్ చూపే గుర్తులు) దీనికి పనికిరావు, కేస్‌వర్క్ ట్యాగులు కొత్తగా పెట్టుకోవాలి. అయినా లెక్క తగ్గుతోందంటే, పెద్ద ఫ్యామిలీ లోపల చిన్న యూనిట్లు కూర్చుని ఉంటాయి. ఆ లోపలి ఫ్యామిలీలకు షేర్డ్ టిక్ పెడితేగానీ షెడ్యూల్‌లో విడిగా రావు.

సమస్య: గోడ జరిపాక ఎలివేషన్ ఖాళీ అయింది

మూసి ఉన్న గదిలో మార్కర్ పెట్టగానే రెవిట్ గోడల్ని చూసుకుని క్రాప్ (వ్యూ చుట్టూ హద్దు), ఫార్ క్లిప్ (చూపు ఎంత దూరం వరకు అనే హద్దు) తనే సర్దుతుంది. కానీ ఆ పని ఒక్కసారే చేస్తుంది. తర్వాత గోడను వెనక్కి జరిపితే ఫార్ క్లిప్ పాతచోటే ఆగిపోతుంది. ఫార్ క్లిప్ ఆఫ్‌సెట్ పెంచి, గోడ లోపలి ముఖం కాస్త దాటేలా పెట్టండి. మరీ పెంచి, అడ్డుగా గోడ లేని ఓపెన్ కిచెన్‌లో పక్క హాల్ సోఫాలు కూడా వచ్చాయని కంగారుపడకండి.

సమస్య: ఏ వ్యూ ఏ గోడదో అర్థం కావడం లేదు

అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది ఇదే. పేరు మార్చకపోతే బ్రౌజర్ నిండా 'ఎలివేషన్ 1 - ఎ', 'ఎలివేషన్ 2 - ఎ' అని పేరుకుపోతాయి. దిక్కుల పేర్లు పెడితే ఇంకో చిక్కు. టెంప్లేట్‌లో ముందే ఉండే ఈస్ట్ ఎలివేషన్ అంటే ఇంటి తూర్పు ముఖం, అంటే బయట నిలబడి పడమరకు చూస్తున్నాం. కిచెన్‌లో తూర్పు అంటే తూర్పు గోడ, అంటే తూర్పుకే చూస్తున్నాం. పైగా ప్లాన్‌ను షీట్ మీద నిటారుగా పెట్టడానికి తిప్పి ఉంటే, ప్రాజెక్ట్ నార్త్ (డ్రాయింగ్‌లో పైవైపు) ఒకవైపు, ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) ఒకవైపు.

అలాగని దిక్కులు వదిలేయలేం. వాస్తు పట్టింపున్న ఇంట్లో క్లయింట్ దగ్గర్నుంచి కార్పెంటర్ దాకా 'ఆగ్నేయం మూల', 'తూర్పు గోడ' అనే మాట్లాడతారు. అందుకే వ్యూ పేరులో గది నంబర్, గది, అక్షరం పెట్టండి: '104-కిచెన్-బి'. అక్షరాలు ఉత్తరం గోడ నుంచి గడియారం తిరిగే వైపు. షీట్ మీద చదివేవాళ్ల కోసం టైటిల్ ఆన్ షీట్ గడిలో 'కిచెన్ తూర్పు గోడ, స్టవ్ వైపు' అని రాయండి. ఈ రెండూ వేర్వేరుగా ఉండొచ్చని చాలామంది పట్టించుకోరు.

ఇక బ్రౌజర్ సర్దడానికి, వ్యూస్ కేటగిరీకి ఒక టెక్స్ట్ ప్రాజెక్ట్ పారామీటర్ (మనం రాసుకునే అదనపు గడి) తగిలించి, బ్రౌజర్ ఆర్గనైజేషన్‌లో దాని ప్రకారం గ్రూప్ చేయండి. ఆ గడి నింపని వ్యూలు '???' కింద చేరతాయి. ఎవరు ఏది వదిలేశారో అక్కడే దొరుకుతుంది.

సమస్య: ప్లాన్‌లో మార్కర్ ఖాళీగా ఉంది, లేదా మార్కర్లు మరీ ఎక్కువయ్యాయి

ఖాళీగా ఉంటే ఆ వ్యూ ఇంకా షీట్ మీదికి ఎక్కలేదు. ఎక్కించగానే నంబర్లు వాటంతటవే వస్తాయి, చేత్తో టెక్స్ట్ రాయకండి. ఎక్కువైతే డిలీట్ జోలికి పోవద్దు: గుండ్రటి బాడీ తీసేస్తే దాని వ్యూలన్నీ, వాటి మీద వేసిన డైమెన్షన్లతో సహా పోతాయి. ఎలివేషన్ వ్యూ ప్రాపర్టీస్‌లో హైడ్ ఎట్ స్కేల్స్ కోర్సర్ దాన్ 1:50 పెట్టండి. 1:100 ప్లాన్‌లో మార్కర్ కనిపించదు, పెద్దగా గీసిన కిచెన్ ప్లాన్‌లో ఉంటుంది.

సమస్య: ఒక ఎలివేషన్‌లో హ్యాండిల్స్ ఉన్నాయి, ఇంకోదాంట్లో లేవు

డిటైల్ లెవెల్ (వ్యూలో ఎంత వివరం చూపాలనే సెట్టింగ్) తేడా. 1:20 స్కేల్, డిటైల్ లెవెల్ ఫైన్ పెట్టి ఒక వ్యూ టెంప్లేట్ (వ్యూ సెట్టింగుల మూస) చేసి అన్నిటికీ వేయండి.

సమస్య: ఫ్యాక్టరీ మిల్లీమీటర్లు అడుగుతుంది, సైట్‌లో కార్పెంటర్ అడుగులు, అంగుళాలు అడుగుతాడు

రెండు సెట్లు గీయకండి, ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోతారు. డైమెన్షన్ టైప్‌లో ఆల్టర్నేట్ యూనిట్స్ దగ్గర బిలో ఎంచుకుంటే మి.మీ. కింద అడుగులు వస్తాయి. కొలత మాత్రం ఇటుక గోడ నుంచి కాకుండా ప్లాస్టరింగ్, టైల్ అయ్యాక ఉండే ముఖం నుంచి తీసుకోండి. గోడ నుంచి గోడ వరకు ఉన్న బేస్ యూనిట్లకు చివర ఫిల్లర్ (గోడకూ యూనిట్‌కూ మధ్య సందు మూసే పట్టీ) జాగా వదలడం సాఫ్ట్‌వేర్ గుర్తుచేయదు.