కొట్టంలో ఆవును ఇంట్లోంచే చూసే కెమెరా

కాణిపాకం పోయే దారిలో మాదొక చిన్న పల్లె. ఇంటికి కొట్టం అరవై అడుగుల దూరం. చూడి ఆవుకు నెలలు నిండాయంటే అమ్మ రాత్రికి మూడుసార్లు లేచి, టార్చి పట్టుకుని పోయి చూసొస్తుంది. వానాకాలం, పాములు తిరిగే గట్టు. చిత్తూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. "ఊర్లో వాళ్ళ ఫోన్లన్నీ బాగుచేస్తావు, దీనికేమన్నా చెయ్యరాదా నాయనా" అనింది అమ్మ. రెడీమేడ్ వైఫై కెమెరా కొంటే ఒక్క పూటలో అయిపోయేదే. సోల్డరింగ్ ఐరన్ ఉన్నోడికి ఆ బుద్ధి పుట్టదు.

తీసుకున్నది ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డు. అగ్గిపెట్టె కంటే చిన్నది. దాని మీద వైఫై, 2 మెగాపిక్సెల్ ఓవీ2640 కెమెరా రెండూ ఉంటాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. చాలా బోర్డులకు యూఎస్‌బీ ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ ఎక్కించడానికి కంప్యూటర్‌ను బోర్డుతో కలిపే యూఎస్‌బీ టు టీటీఎల్ కన్వర్టర్ కావాలి. సీపీ2102 రకం తీసుకోండి. అందులో సిగ్నల్ 3.3 వోల్టుల్లోనే ఉంటుంది, 5 వోల్టుల పిన్ వేరే ఉంటుంది.

ముందు కెమెరా రిబ్బన్ పెట్టండి. నల్ల క్లిప్పును గోటితో మెల్లగా లేపి, రిబ్బన్‌ను లోపలికంటా తోసి, క్లిప్పు మూయండి. తర్వాత కంప్యూటర్‌లో బోర్డు పంపే మెసేజ్‌లు చూపే సీరియల్ మానిటర్‌లో 0x105 ఎర్రర్ వచ్చిందంటే రిబ్బన్ సరిగ్గా కూర్చోలేదనో, ప్రోగ్రామ్‌లో ఎంచుకున్న మోడల్ తప్పనో అనుకోండి. లెన్స్ మీది పల్చని ప్లాస్టిక్ పొర పీకడం మరవద్దు.

కన్వర్టర్ టీఎక్స్‌ను బోర్డు యూ0ఆర్‌కు, ఆర్‌ఎక్స్‌ను యూ0టీకి, 5 వోల్టులను 5వీ పిన్‌కు, గ్రౌండ్‌ను జీఎన్‌డీకి కలపండి. యూ0ఆర్ పక్కనున్న వీసీసీ పిన్ జోలికి పోవద్దు. తర్వాత ఐవో0ను పక్కనే ఉన్న జీఎన్‌డీకి ఒక చిన్న వైరుతో కలిపి రీసెట్ నొక్కితే బోర్డు ప్రోగ్రామ్ తీసుకోవడానికి సిద్ధమవుతుంది.

ప్రోగ్రామ్ రాసే పనే లేదు. బోర్డులోకి ప్రోగ్రామ్ ఎక్కించే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఆర్డుయినో ఐడీఈలో బోర్డ్స్ మేనేజర్ నుంచి ఈఎస్‌పీ32 ప్యాకేజీ వేసుకుని, ఏఐ థింకర్ ఈఎస్‌పీ32-క్యామ్ బోర్డును ఎంచుకోండి. ఎగ్జాంపుల్స్‌లో క్యామెరా వెబ్‌సర్వర్ తెరిచి, మోడల్ లైన్లలో ఏఐ థింకర్ ఒక్కటే ఉంచి మిగతావాటి ముందు రెండు ఏటవాలు గీతలు (//) పెట్టండి. కొన్ని వెర్షన్లలో ఈ లైన్లు పక్క ట్యాబ్‌లో ఉంటాయి. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి అప్‌లోడ్ కొట్టండి. ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనబడుతుంది. అప్‌లోడ్ అయ్యాక ఐవో0 వైరు తీసేసి మళ్ళీ రీసెట్ నొక్కితే 115200 స్పీడులో తెరిచిన సీరియల్ మానిటర్‌లో కెమెరా పేజీ అడ్రస్ వస్తుంది. దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో కొడితే బొమ్మ వస్తుంది. అడ్రస్ మారిపోకుండా రౌటర్‌లో ఈ బోర్డుకు రిజర్వ్ చేసి పెట్టండి.

అంగడి బల్ల మీద అద్దంలా పనిచేసింది. కొట్టంలో కట్టగానే నిమిషానికోసారి చచ్చి బతకడం మొదలుపెట్టింది. బ్రౌన్ఔట్ అని మెసేజ్. రెండు రోజులు ప్రోగ్రామ్‌నే అనుమానించాను. తప్పు నా వైరుది. ఛార్జర్‌ను ఇంటి గోడకు పెట్టి, అక్కడినుంచి సన్న వైరు లాగి 5 వోల్టులు పంపాను. వైఫై పంపేటప్పుడు బోర్డు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, అంత పొడుగు సన్న వైరులో వోల్టేజీ పడిపోతుంది. 5 వోల్టుల 2 ఆంపియర్ల ఛార్జర్‌ను కొట్టంలోనే పెట్టి, ఒక అడుగు వైరుతో ఇచ్చి, బోర్డు దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించాక జబ్బు పోయింది. కెపాసిటర్ మైనస్ కాలు గ్రౌండ్‌కే పోవాలి.

రేకుల కప్పు కింద సిగ్నల్ కూడా సన్నగిల్లింది. బయటి యాంటెన్నా తగిలిస్తే చాలదు. కనెక్టర్ పక్కనున్న నువ్వుగింజంత రెసిస్టర్‌ను యాంటెన్నా వైపుకు మార్చాలి. నాకు అలవాటైన పని కాబట్టి చేశాను. చేయి తిరగనివాళ్ళు రౌటర్‌ను కిటికీలోకి జరుపుకోవడం మేలు.

చీకట్లో ఈ కెమెరాకు ఏమీ కనబడదు. బోర్డు మీది ఫ్లాష్ వేస్తే ఆవు బెదిరి తాడు గుంజింది. అందుకని మూలలో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా వెలుగుతుంటుంది. కెమెరా పేజీలో బొమ్మకు 800×600 సైజు చాలు. అక్కడే ఉన్న క్వాలిటీ అంకె తగ్గిస్తే బొమ్మ బాగవుతుంది గానీ స్ట్రీమ్ నత్తనడక నడుస్తుంది.

ఒకసారికి ఒక ఫోన్‌లోనే స్ట్రీమ్ వస్తుంది. నేను చూస్తుంటే అమ్మకు రాదు, దానికి మా ఇంట్లో రోజూ తగువే. పేజీకి పాస్‌వర్డ్ లేదు కాబట్టి అంగడి నుంచి చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు తెరవలేదు, తెరిస్తే బయటివాళ్ళెవరైనా చూడొచ్చు.

బోర్డును కరెంటు జంక్షన్ బాక్సులో పెట్టి, వేడి పోవడానికి రెండు బెజ్జాలు వేసి, ఆవు నాలుకకు అందకుండా ఎనిమిది అడుగుల ఎత్తున కట్టాను. లెన్స్ ముందు సాలీడు గూడు కడుతుంది, వారానికోసారి తుడవాలి. ఆవు మాత్రం పట్టపగలు పదకొండింటికి, అమ్మ చాట పట్టుకుని పక్కన నిలబడి ఉండగానే ఈనింది.